మనోవ్యాకులత: ఎంతవరకు చింత, ఎక్కడినుంచి జబ్బు?

ఎర్రమంజిల్ మెట్రో స్టేషనులో మియాపూర్ వైపు వెళ్ళే రైలెక్కితే పంజగుట్ట, అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్, ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి దాటిన తరువాత ఐదవ స్టేషను ఎర్రగడ్డ. పావుగంట పట్టని ప్రయాణం. అయినా ఆ ప్రయాణానికి మన కుటుంబాలలో కొందరికి ఐదేళ్ళు, పదేళ్ళు పడుతున్నాయి. అడ్డువచ్చేది దూరం కాదు, పేరు. జాల్నాలో ఉండిన మానసిక వైద్యశాల 1953లో ఎర్రగడ్డకు తరలివచ్చింది. కాలక్రమంలో ఆ పేట పేరే ఒక వెక్కిరింతగా మారింది. ఎవరైనా కాస్త వింతగా మాట్లాడితే "వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి" అనడం హైదరాబాదు వారికి అలవాటు. ఆ మాటను నవ్వులాటగా విని పెరిగిన పిల్లవాడు, పెద్దవాడై, రాత్రుళ్ళు నిద్రపట్టక గుండె దడదడలాడుతూ లేచి కూర్చునే రోజు వచ్చినప్పుడు తన స్థితిని ఎవరికి చెప్పుకోగలడు?

దిగులుపడిన ప్రతి మనిషీ ఆసుపత్రికి పోనవసరం లేదు. చింత లేని జీవితం ఈ లోకంలో లేదు. అయితే ఈ విషయంలో రెండు పొరపాట్లు జరుగుతున్నాయి. ప్రతి చింతనూ జబ్బుగా భావించి బెంబేలెత్తడం ఒకటి. జబ్బును విశ్వాస లోపంగా భావించి దాచుకోవడం రెండవది. మన ఇళ్ళలో రెండవదే ఎక్కువ, దాని వల్ల జరిగే నష్టమూ ఎక్కువ. కనుక ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ ఉన్నదో తెలుసుకోవడం అవసరం.

ముందుగా మాటల సంగతి. ఎర్రమంజిల్ అనే పేరునే చూడండి. నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ గుట్టమీద కట్టించుకున్న మహలుకు 'ఇరమ్ మంజిల్' అని పేరు. ఫార్సీలో ఇరమ్ అంటే స్వర్గతుల్యమైన ఉద్యానవనం. తెలుగు చెవికి అది 'ఎర్ర'గా వినిపించింది. ఒకే పేరు ఒకరికి స్వర్గం, మరొకరికి రంగు. మనసు బాధల పేర్లు కూడా ఇదే విధంగా ఒక భాషలోనుంచి మరొక భాషలోకి పోతూ అర్థం మార్చుకుంటాయి. నానమ్మ "ఇఖ్తిలాజ్ హోరా" అంటుంది. అమ్మ "దిల్ ఘబ్రారా" అంటుంది. అమీర్‌పేటలో కోచింగుకు వెళ్ళే మనవడు "టెన్షన్" అంటాడు. పక్కింటి తెలుగావిడ గుబులు, బెంగ, గాబరా అంటుంది. గాబరా, ఘబ్రాహట్ ఒకే ఇంటి బిడ్డలని వేరే చెప్పనక్కరలేదు. నలుగురూ చెప్పేది ఒకటే బాధ కావచ్చు, నాలుగు వేర్వేరు బాధలూ కావచ్చు. వైద్యుని ముందు "టెన్షన్‌గా ఉంది" అని ఊరుకుంటే ఆయనకు తెలిసేది స్వల్పమే.

అరబీ భాష ఇక్కడ అనువాదకుణ్ణి కష్టపెడుతుంది, కాని మేలు కూడా చేస్తుంది. ఎదుట ఉన్న ఆపదను చూసి కలిగేది 'ఖౌఫ్'. రాబోయే దాన్ని గురించి మనసును తొలిచేది 'హమ్'. జరిగిపోయిన దాన్ని గురించిన బాధ 'హజన్'. తెలుగులో మూడింటినీ 'బాధ' అనేసి చేతులు దులుపుకుంటాం. మహాప్రవక్త (స) తరచుగా చేసిన ఒక దుఆలో హమ్ నుంచి, హజన్ నుంచి అల్లాహ్ శరణు కోరడం కనిపిస్తుంది. అదే దుఆలో నిస్సహాయత, సోమరితనం, అప్పుల భారం, మనుషుల దౌర్జన్యం కూడా ఉన్నాయి. ఇది గమనించదగిన విషయం. మనసులోని చింతను, వీపుమీది అప్పును ఆయన ఒకేచోట పేర్కొన్నారు. అంటే చింతకు వెలుపల కారణం ఉన్నచోట ఆ కారణాన్ని కూడా చూడాలి. ఫీజు కోసం తెచ్చిన అప్పు వల్ల నిద్రపట్టని యువకునికి కావలసింది ముందుగా ఒక కాగితం, ఒక కలం, లెక్క చూసిపెట్టే ఒక పెద్దమనిషి.

భయపడడం విశ్వాస లోపమా? ఈ ప్రశ్నకు దివ్య ఖుర్ఆన్‌లోని ప్రవక్తల గాథలే సమాధానం. హజ్రత్ మూసా (అ) ఫిర్ఔను వద్దకు వెళ్ళమన్న ఆజ్ఞ విన్నప్పుడు తన ఛాతీ బిగుసుకుపోతున్నదని, నాలుక సరిగా ఆడడం లేదని, తనను చంపుతారేమోనని భయంగా ఉన్నదని ప్రభువుకు విన్నవించుకున్నారు. ఊరుకోక, తన సోదరుడు హారూన్ (అ)ను తోడుగా ఇవ్వమని అడిగారు. ఆ కోరిక మన్నించబడింది. "ప్రవక్తవై ఉండి భయపడతావా" అనే మందలింపు అక్కడ లేదు. హజ్రత్ యాఖూబ్ (అ) ఉత్తమమైన సహనాన్ని పాటించిన మహనీయులు. అయినా యూసుఫ్ (అ) ఎడబాటుతో ఆయన కళ్ళు తెల్లబడిపోయాయి. సహనం అంటే బాధ లేకపోవడమని అర్థం చెప్పేవారు ఈ గాథను మరొకసారి చదవాలి. "నమాజు సరిగా చదివితే ఇవన్నీ ఎందుకొస్తాయి" అని ఇంట్లో బాధపడుతున్న వ్యక్తిని నిలదీసే పెద్దలకు కూడా ఇదే మనవి.

భయం కలిగినప్పుడు శరీరంలో ఏమి జరుగుతుంది? ఆపద ఎదురైనదని మెదడు భావించగానే అడ్రినలిన్ అనే ద్రవం రక్తంలో చేరుతుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి, ఊపిరి పైపైన ఆడుతుంది, కడుపులో తిప్పుతుంది. కుక్క తరుముకొస్తే పరుగెత్తడానికి ఇవన్నీ అవసరమే. కుక్క లేనప్పుడు, పంజగుట్ట చౌరస్తాలో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు, లేక ఇంటర్వ్యూ హాలు బయట కూర్చున్నప్పుడు ఇదే జరిగితే మనిషి తనకేదో అయిపోతున్నదని హడలిపోతాడు. త్వరత్వరగా ఊపిరి పీల్చడం వల్ల వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. ఆ తిమ్మిరిని చూసి భయం ఇంకా పెరుగుతుంది. ఈ ఉప్పెనను వైద్యులు 'పానిక్ అటాక్' అంటారు. కొద్ది నిమిషాలలో పతాకస్థాయికి చేరి, సాధారణంగా అరగంటలోపు తగ్గిపోతుంది. ప్రాణం తీయదు.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక. మొదటిసారి ఛాతీలో నొప్పి, ఆయాసం, చెమటలు వచ్చినప్పుడు "ఇది ఉత్త గాబరా" అని ఇంటివారు తీర్పు చెప్పరాదు. గుండెపోటు కూడా ఇట్లాగే మొదలుకావచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళి ఇ.సి.జి. తీయించుకోవాలి. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా, చక్కెర పడిపోయినా గుండె దడ వస్తుంది. ఈ పరీక్షలన్నీ సరిగా ఉన్నవని వైద్యుడు చెప్పిన తరువాత కూడా మూడవ కార్డియాలజిస్టును, నాల్గవ స్కానింగును వెతుక్కుంటూ పోవడం మరొక రకం పొరపాటు. ఆ డబ్బులో పదోవంతు ఖర్చుపెట్టి మానసిక వైద్యుణ్ణి కలిసినా పని జరిగేది. ఇక ఇరానీ చాయ్ విషయం చెబితే హైదరాబాదు వారికి కోపం రావచ్చు. కాని రోజుకు ఎనిమిది కప్పులు తాగి, గుండె ఎందుకు దడదడలాడుతున్నదని అడగడంలో న్యాయం లేదు.

నిత్యజీవితపు చింతను అదుపులో ఉంచుకునే పద్ధతులు కొత్తవేమీ కావు. అబూ జైద్ అల్ బల్ఖీ అనే పండితుడు 850 ప్రాంతంలో జన్మించి 934లో మరణించాడు. భూగోళ శాస్త్రజ్ఞునిగా పేరు పొందినవాడు. 'మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్‌ఫుస్' అనే గ్రంథంలో దేహాల క్షేమాన్నీ, మనసుల క్షేమాన్నీ రెండు భాగాలుగా చర్చించాడు. ఆ వ్రాతప్రతి ఇస్తాంబూల్‌లోని అయాసోఫియా గ్రంథ సంచయంలో ఉండిపోగా, 1984లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో దాని ప్రతిబింబ ముద్రణ వెలువడింది. మనసుకు సంబంధించిన భాగాన్ని సూడాన్‌కు చెందిన మనస్తత్వవేత్త మాలిక్ బద్రీ ఇంగ్లీషులోకి తేగా 2013లో అచ్చయింది. వెయ్యేళ్ళకు పైగా ఆ పుటలు పెద్దగా ఎవరి దృష్టికీ రాకపోవడం విచారకరం.

బల్ఖీ చెప్పినది సూటిగా ఉన్నది. దేహానికి జబ్బు చేసినట్లే మనసుకూ జబ్బు చేస్తుంది, దేహం కంటే మనసుకే తరచుగా చేస్తుంది. ఇంట్లో అత్యవసరానికి కొన్ని మందులు దాచుకున్నట్లే, మనసు నెమ్మదిగా ఉన్న సమయంలోనే కొన్ని మంచి ఆలోచనలను సిద్ధం చేసుకొని ఉంచుకోవాలి. భయం ముంచెత్తినప్పుడు కొత్తగా ఆలోచించడం సాధ్యం కాదు, దాచుకున్నదే అక్కరకు వస్తుంది. భయపెట్టే దానికి దూరంగా పారిపోకుండా కళ్ళను, చెవులను దానికి కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. నేటి చికిత్సకులు చేయించేదీ ఇదే. దుఃఖంలో కూడా రెండు రకాలున్నవని ఆయన గుర్తించాడు. ఆప్తుల మరణం వంటి తెలిసిన కారణం గలది ఒకటి, కారణమేదీ కనిపించకుండానే ఆవరించేది మరొకటి. రెండవది దేహంలోనుంచి పుడుతుంది కనుక దానికి మందు కూడా కావాలన్నాడు. రక్తం చెడడం వల్ల వస్తుందన్న ఆయన వివరణ నేడు నిలవదు. కాని ఆ విభజన నిలిచింది.

దీన్ని మన దినచర్యలోకి తెచ్చుకోవడం కష్టం కాదు. గాబరా మొదలైనప్పుడు ఊపిరి గట్టిగా పీల్చమని పక్కవారు చెబుతారు. చేయవలసింది అది కాదు. మెల్లగా పీల్చి, పీల్చినదానికంటే ఎక్కువసేపు వదలాలి. ఐదు నిమిషాలు ఇట్లా చేస్తే గుండె వేగం దిగుతుంది. రోజంతా వెంటాడే చింతలకు సాయంత్రం ఒక వేళ కేటాయించి, అప్పుడు కూర్చొని కాగితం మీద రాయాలి. రాసిన వాటిలో మన చేతిలో ఉన్నవేవో, లేనివేవో అప్పుడు విడివడతాయి. చేతిలో ఉన్నదానికి రేపటి పని ఒకటి నిర్ణయించుకోవాలి. లేనిదాన్ని అల్లాహ్‌కు అప్పగించాలి. తవక్కుల్ అన్న మాటకు ఇక్కడే చోటు. ఒంటెను కట్టి ఆపైన భరోసా ఉంచమన్న హితవులో కట్టడం ముందు వచ్చింది.

నడక చాలా మంచిది. మంచం మీదికి ఫోను తీసుకుపోకపోవడం ఇంకా మంచిది. ఐదు పూటల నమాజు రోజుకు ఒక క్రమాన్ని ఇస్తుంది, మస్జిదులో నలుగురి ముఖాలు చూపిస్తుంది. ఒంటరితనంతో కృశించే మనసుకు ఇది సామాన్యమైన మేలు కాదు. జిల్లాల నుంచి వచ్చి మైత్రీవనం చుట్టుపక్కల హాస్టళ్ళలో ఒక గదికి నలుగురైదుగురు చొప్పున ఉంటూ, ఇంటికి ఫోను చేసినప్పుడల్లా "అంతా బాగుంది అమ్మీ" అని చెప్పే పిల్లలను దృష్టిలో ఉంచుకొని ఈ మాట రాస్తున్నాను. ఉద్యోగం వచ్చిందా అని అడగడానికి ముందు అన్నం తిన్నావా, నిద్రపోయావా అని అడిగే తల్లిదండ్రులున్న పిల్లలు అదృష్టవంతులు.

ఇక మన సమాజానికి ప్రత్యేకంగా సంబంధించిన ఒక బాధ ఉన్నది. అది వస్వసా. ఒక వ్యక్తి వజూకు కూర్చుంటాడు. ముఖం కడిగానా లేదా అని సందేహం. మళ్ళీ కడుగుతాడు. చేయి పూర్తిగా తడిసిందా? మళ్ళీ మొదటినుంచి. జమాఅత్ అయిపోతుంది, ఆయన కొళాయి దగ్గరే ఉంటాడు. మరొకరు తక్బీర్ పలికి, నియ్యత్ సరిగా కుదరలేదని తెంచి, మళ్ళీ పలుకుతారు. ఇంకొకరికి అల్లాహ్ గురించి, ప్రవక్త (స) గురించి నోటితో చెప్పలేని ఆలోచనలు చొరబడతాయి. తాను విశ్వాసం నుంచి వెళ్ళిపోయానేమోనని ఆ మనిషి రహస్యంగా కుమిలిపోతాడు. చూసేవారు దీన్ని భక్తి అనుకుంటారు. కొందరు ఇబ్లీసు పని అని వదిలేస్తారు.

మన ఫుఖహాలు దీన్ని ఎన్నడో గుర్తించారు. నిశ్చయంగా తెలిసినది సందేహంతో రద్దు కాదన్నది ఫిఖ్హ్‌లో ప్రసిద్ధ సూత్రం. 1201లో మరణించిన ఇబ్నుల్ జౌజీ, నీళ్ళ దగ్గర గంటలు గడిపేవారిని తీవ్రంగా విమర్శించాడు. సందేహం స్వల్పంగా ఉన్నవారికి ఈ సూత్రం చాలు, పట్టించుకోకుండా ముందుకు సాగితే తగ్గిపోతుంది. కాని కొందరికి చాలదు. వారికి సూత్రం కంఠస్థమై ఉంటుంది, అయినా చేయి కొళాయిని వదలదు. ఇటువంటి స్థితిని వైద్యశాస్త్రం ఓ.సి.డి. అనే జబ్బుగా గుర్తించింది. వీరు ఒకే మస్అలాను ముఫ్తీ గారిని పదిసార్లు అడుగుతారు, తరువాత మరొక ముఫ్తీని అడుగుతారు. జవాబు విన్న గంటసేపు నెమ్మది, ఆ తరువాత మళ్ళీ అదే. ప్రతి జవాబూ సందేహానికి మేతే అవుతుంది. అందువల్ల ఆలిములు ఒక మేలు చేయగలరు. ఒకే వ్యక్తి ఒకే ప్రశ్నతో నాలుగోసారి వచ్చినప్పుడు నాలుగో ఫత్వా ఇవ్వకుండా, దయతో కూర్చోబెట్టి, "నీ విశ్వాసంలో లోపం లేదు, నీకు వైద్యం అవసరం" అని చెప్పడం. ఆ చొరబడిన ఆలోచనలను అసహ్యించుకోవడమే విశ్వాసం ఉన్నదనడానికి గుర్తని సహాబాలకు మహాప్రవక్త (స) ఓదార్పుగా చెప్పిన సంగతిని కూడా వినిపించాలి. ఈ జబ్బుకు చికిత్స ఉన్నది. సందేహం వచ్చినా మళ్ళీ కడగకుండా ఉండడాన్ని చికిత్సకుని పర్యవేక్షణలో క్రమంగా అలవాటు చేయిస్తారు. అవసరమైతే మందులు ఇస్తారు.

మరి సహాయం కోసం ఎప్పుడు వెళ్ళాలి? చింతకు కారణం తీరిపోయినా చింత తీరకపోతే వెళ్ళాలి. పరీక్ష అయిపోయినా, అప్పు తీరినా, బిడ్డ దుబాయి నుంచి క్షేమంగా తిరిగివచ్చినా గుండె దడ తగ్గకపోతే అది ఇక కారణంతో పనిలేకుండా తనంతట తాను నడుస్తున్నదన్నమాట. ఏదో ఒకదాన్ని గురించిన ఆందోళన దాదాపు ప్రతిరోజూ ఉంటూ ఆరు నెలలు దాటితే వైద్యులు దాన్ని జబ్బుగానే లెక్కిస్తారు. ఆరు నెలలు ఆగి తీరాలని కాదు. నిద్ర, తిండి, పని, చదువు, నమాజు వీటిలో ఏది దెబ్బతిన్నా ముందుగానే వెళ్ళవచ్చు. భయంవల్ల మనిషి తిరిగే చోట్లు ఒక్కొక్కటే తగ్గిపోవడం కూడా గట్టి గుర్తు. మొదట బస్సు మానతాడు, తరువాత బజారు, తరువాత జుమా. దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు మించి రోజూ ఉంటే ఆలస్యం చేయరాదు. కాన్పు అయిన తరువాత తల్లి ఏడుస్తూ, బిడ్డను చూస్తే భయమేస్తున్నదంటే దిష్టి తీసి ఊరుకోకూడదు. నిద్రమాత్రలతోనో, మరో మత్తుతోనో గాబరాను అణచుకుంటున్న మనిషి సంగతీ అంతే.

బతకాలని లేదన్న మాట నోట వస్తే అది అదే రోజు చూడవలసిన విషయం. ఆత్మహత్య మహాపాపమన్న ఉపన్యాసం ఆ క్షణంలో పనిచేయదు. ఆ సంగతి అతనికి తెలుసు, తెలిసే నలిగిపోతున్నాడు. ఒంటరిగా వదలకుండా, మందులు, పురుగుమందులు అందకుండా చేసి, వెంట ఉండి ఆసుపత్రికి తీసుకుపోవాలి. చచ్చిపోవాలనిపిస్తున్నదా అని సూటిగా అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అడిగినందుకు చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. 2018 మే నుంచి అమలులోకి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా భావించాలని, శిక్షించరాదని చెబుతున్నది. కనుక పోలీసు కేసు భయంతో చికిత్స ఆపనవసరం లేదు.

వైద్యుని వద్దకు పోవడం తవక్కుల్‌కు విరుద్ధమని వాదించేవారు ఒక చారిత్రక ఘట్టాన్ని గుర్తు చేసుకోవాలి. హజ్రత్ ఉమర్ (ర) షామ్‌కు ప్రయాణిస్తూ సర్గ్ అనే చోట మహమ్మారి వార్త విన్నారు. సంప్రదింపుల తరువాత వెనుదిరగాలని నిర్ణయించారు. అల్లాహ్ విధి నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (ర) ప్రశ్నించగా, ఒక విధి నుంచి మరొక విధి వైపుకే వెళుతున్నామన్న భావంలో జవాబిచ్చారు. పచ్చని కొండవాలు, బీడు కొండవాలు రెండూ ఉన్న లోయలో ఒంటెలను ఎటు తోలినా దైవవిధి ప్రకారమే కదా అని ఉదాహరించారు. జబ్బు విధి అయితే వైద్యమూ విధే. ఆ వైద్యవిద్య మనకు పరాయిదీ కాదు. అల్ రాజీ రచించిన బృహద్వైద్య గ్రంథం 'అల్ హావీ'ని 1955 నుంచి సంపుటాలుగా అచ్చువేసింది మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ సంస్థే.

ఖుర్ఆన్ పఠించి ఊదడం, దుఆ చేయడం వద్దని ఎవరూ అనడం లేదు. ఊదిన నోటితోనే "వైద్యునికీ చూపించండి" అనే పుణ్యాత్ములు ఉన్నారు. వేలకు వేలు గుంజి, మందులు ఆపించి, జిన్ను పట్టిందని కొట్టే ఆమిల్ వద్ద మాత్రం ఒక్క పూట కూడా ఉండరాదు. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న దర్గా సమీపాన ఉన్న ఒక ఆశ్రమంలో నిప్పంటుకున్నప్పుడు, గొలుసులతో కట్టివేయబడి ఉన్న 28 మంది మానసిక రోగులు కాలిపోయారు. వారిని అక్కడికి తెచ్చి వదిలినవారు శత్రువులు కారు. స్వస్థత కోరిన సొంత కుటుంబాలే. మానసిక రోగిని గొలుసులతో కట్టడాన్ని 2017 చట్టం ఏ రూపంలోనూ అనుమతించదు.

వైద్యుని వద్ద ఏమి జరుగుతుందో తెలియకపోవడమే చాలామంది భయం. ఆందోళనతో వెళ్ళినవారిలో అత్యధికులను ఆసుపత్రిలో చేర్చుకోరు. మాట్లాడి పంపుతారు. ఎర్రగడ్డకే పోవాలన్న నియమమూ లేదు. పెద్ద సాధారణ ఆసుపత్రులలో కూడా మానసిక వైద్య విభాగాలు ఉంటాయి. ఎవరినీ కలవడానికి మనసొప్పని వారికి 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ-మానస్ అనే ప్రభుత్వ సేవ ఉన్నది. 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోగాని, ఉర్దూలోగాని మాట్లాడవచ్చు.

మందుల గురించి రెండు మాటలు. ఆందోళనకు సాధారణంగా దీర్ఘకాలం ఇచ్చే మందులు మత్తు పదార్థాలు కావు. వాటి గుణం కనిపించడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. నాలుగు రోజులకు "పనిచేయలేదు" అని మానేయడం, కాస్త నయం కాగానే హఠాత్తుగా ఆపేయడం రెండూ తప్పే. అల్ప్రాజోలం వంటి తక్షణ ఉపశమనపు మాత్రలు వేరు. అవి అలవాటుపడే స్వభావం గలవి కనుక పాత చీటీ చూపించి మెడికల్ షాపులో కొనుక్కుంటూ పోరాదు. రమజాన్ రాబోతున్నప్పుడు ఒక నెల ముందే వైద్యుణ్ణి కలిసి, మోతాదును సహరీకి, ఇఫ్తారుకు మార్చవచ్చునేమో అడగాలి. చాలా మందులకు ఇది వీలవుతుంది. లిథియం వంటి కొన్నింటికి ఒంట్లో నీరు తగ్గితే ప్రమాదం. అటువంటి వారికి రోగికిచ్చిన మినహాయింపు వర్తిస్తుందా అన్నది వైద్యుని మాట విన్న తరువాత ఆలిమును అడగవలసిన ప్రశ్న.

మొదటిసారి వెళ్ళేటప్పుడు ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసుకొని పోతే మేలు. ఎప్పటినుంచి ఉన్నది, ఏ సమయంలో ఎక్కువ, దేనిని మానుకోవలసి వచ్చింది, ఇప్పుడు ఏయే మందులు వాడుతున్నారు. యునానీ మందులు ఉంటే అవీ రాయాలి. 'టెన్షన్' అన్న ఒక్కమాట దగ్గర ఆగకుండా ఇంట్లో ఏ భాషలో చెప్పుకుంటారో ఆ భాషలోనే చెప్పవచ్చు. దిల్ ఘబ్రారా అంటే అర్థం కాని వైద్యుడు హైదరాబాదులో అరుదు.